గొరిల్లా వీపు మీద రెండు తీగలు

పోయిన నెల మా కన్నడ సరిహద్దు బాగేపల్లిలో చింతామణి బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా ఒకాయన గోనెసంచి భుజాన వేసుకుని వెనక తలుపులోంచి ఎక్కాడు. సంచిలో ఏముందని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదు, సంచే చెప్పింది. పట్టుగూళ్ళను ఉడకబెట్టి దారం తీసేశాక లోపల మిగిలిన పురుగులను ఎండబెట్టి చేపల మేతకు అమ్ముతారు. ఆ వాసన తెలియని అదృష్టవంతులకు దాన్ని వర్ణించి చెప్పడం నా వల్ల కాదు. ముక్కు మూసుకుంటే నోట్లోంచి వస్తుంది, నోరు మూసుకుంటే చెవుల్లోంచి వస్తుంది. బస్సులో సగం జనం డ్రైవరు ఒళ్ళోకి జరిగారు. కండక్టరు టికెట్టు ఇవ్వడానికి ఎంత దూరం నుంచి చెయ్యి చాచాడంటే, ఆ చెయ్యి ఆరడుగులు సాగి మళ్ళీ లోపలికి వెళ్ళడానికి కాస్త సమయం పట్టింది. నేను మాత్రం లేచి, వెనక్కి వెళ్ళి, ఆ సంచి పక్కనే కూర్చున్నాను. సంచి ఆసామి నన్ను అనుమానంగా చూసి, "ఏమప్పా, జలుబు చేసిండాదా?" అన్నాడు. జలుబు కాదు, ఈ వాసన మధ్య ఆరేళ్ళు అన్నం తిన్నానని చెప్పాను. ఆయనకు నా మీద గౌరవం కలిగిందో జాలి కలిగిందో తెలియదు గానీ, సంచిని కాస్త నా వైపుకే జరిపాడు. చింతామణి చేరేదాకా మనసులో నేను నంజమ్మతోనే ప్రయాణం చేశాను.

నంజమ్మను మీరు చూడలేదు. చూసి ఉంటే ఆమె మిమ్మల్ని అంతకు ముందే చూసి ఉండేది. చింతామణిలో మా రీలింగ్ షెడ్డుకు ఆమె పెద్దమేస్త్రి. పట్టుగూడు బేసిన్‌లోని మరుగునీళ్ళలో ఉడికాక దాని మీదున్న పోగు కొస వదులవుతుంది. ఆ కొసను పట్టుకుని, ఏడెనిమిది గూళ్ళ పోగులు కలిపి, ఒక దారంగా రాట్నం మీదికి ఎక్కించాలి. ఒక గూడు అయిపోగానే, దారం ఆగకుండానే, ఇంకో గూడు కొస అందించాలి. అందించడం ఆలస్యమైతే దారం సన్నబడుతుంది, తొందరపడి రెండు అందిస్తే లావెక్కుతుంది. ఆ ఒంటి పోగు ఎంత సన్నమంటే, నా జుట్టులో ఒక వెంట్రుక దాని పక్కన పడుకుంటే మోకు తాడులా కనిపించేది. (అప్పట్లో నాకు జుట్టు ఉండేది.) దానికి తోడు షెడ్డంతా ఆవిరి, ఎదుటి మనిషి గొంతు వినబడుతుంది గానీ మనిషి కనబడడు. అటువంటి ఆవిరిలో నాలుగు బేసిన్ల అవతల కూర్చున్న రత్నమ్మ దారంలో ఒక పోగు తగ్గితే, నంజమ్మ తన బేసిన్ దగ్గర నుంచి తల తిప్పకుండా, "రత్నా, నీది ఏడు పోగులే పోతాండాది, ఎనిమిదోది యాడికి పాయ?" అనేది. గద్దలు ఆమె దగ్గర ట్యూషన్ చెప్పించుకునేవని మా షెడ్డులో అనుకునేవాళ్ళం.

నేను అక్కడ చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. తీసిన పట్టును చిలపలుగా, అంటే దారపు కట్టలుగా, చుట్టి కట్టడం నా పని. ఆ పని ఎందుకిచ్చారంటే, మిగతా పనులన్నిటికీ నేను భయపడ్డాను. మరిగే నీళ్ళంటే భయం, బాయిలరంటే భయం, బాయిలరు చూసుకునే వెంకటేశప్ప మీసమంటే భయం. చీకటికి భయపడేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు, నేను మబ్బు పట్టినా భయపడేవాణ్ణి. వెంకటేశప్ప బట్లహళ్ళి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వస్తూనే నా వెనక నిలబడి చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గుకు నేను ఎగిరిపడితే గానీ ఆయనకు ఆ రోజు పని మొదలైనట్టు ఉండేది కాదు.

సినిమాల సంగతి రెండు వేల మూడో, నాలుగో సంవత్సరంలో మొదలైంది. నంజమ్మ మరిది ఊళ్ళో వీడియో క్యాసెట్ల అంగడి నడిపేవాడు. సీడీలు వచ్చి ఆ అంగడి మూతపడింది. దేవుడి సినిమాలు, కుటుంబ సినిమాలు ఎవరెవరో అడిగి పట్టుకుపోయారు. ఎవరూ వద్దన్న దెయ్యాల సినిమాలు, రాక్షసుల సినిమాలు ఒక గోతం నిండా మిగిలాయి. ఆ గోతాన్నీ, క్యాసెట్టు పెట్టే యంత్రాన్నీ, ఒక పాత టీవీనీ ఆయన వదినగారికి కానుకగా ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం బాయిలరు ఆరిపోయాక, షెడ్డులోనే, బోర్లించిన గంపల మీద మేం నలుగురం కూర్చున్నాం. నంజమ్మ, రత్నమ్మ, వెంకటేశప్ప, నేను. గంపను నేను తలుపుకు దగ్గరగా వేసుకున్నాను.

మొదటి సినిమాలో గబ్బిలం ఒకటి వచ్చింది. కిటికీ పగలగొట్టుకుని, రెండు గజాల రెక్కలతో, సరాసరి నా ముఖం మీదికే. తరువాత ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసేసరికి నేను వీధి చివర మిల్లు గోడ పక్కన నిలబడి ఉన్నాను, నా కాలికి ఎవరిదో చెప్పు ఉంది. వెంకటేశప్ప నవ్వు అక్కడికి కూడా వినిపించింది. నంజమ్మ నవ్వలేదు. యంత్రాన్ని ఆపి, తలుపు దగ్గరకొచ్చి కేకేసింది.

"సూరీ! ఇట్ల రాప్పా. పాపం గబ్బిలం నీకోసం గాల్లోనే నిలబడి ఉండాది."

వచ్చాను. తెర మీద బొమ్మ వణుకుతూ ఆగి ఉంది. ఆమె గాజుల చెయ్యి చాచి తెర మీద ఒకచోట వేలు పెట్టింది. "ఈడ చూడు. రెక్క పైన. ఏం కనపడతాండాది?"

ఏమీ కనపడలేదు. దగ్గరికి జరిగాను. భయపడుతూ భయపడుతూ నా ముక్కు గబ్బిలం ముక్కుకు ఆనేంత దగ్గరికి జరిగాను. అప్పుడు కనిపించింది, సన్నటి మెరుపు, వెంట్రుకంత తీగ. గబ్బిలం ఆ తీగకు వేలాడుతోంది.

"పోగు దొరికినాదా?" అంది నంజమ్మ. "దొరికితే ఇంక అది గబ్బిలం కాదు. పైన యెవురో కూర్చోని ఆడిస్తాండారు. పాపం, ఆయప్పకి చేతులు నొప్పి పుట్టి ఉంటాయి."

ఆ వారం నుంచి ఆదివారాలు మాకు ఇంకో రకం డ్యూటీ అయిపోయాయి. చూసిన సినిమానే చూసేవాళ్ళం, చూసిందే మళ్ళీ చూస్తే తప్ప తప్పులు దొరకవని నంజమ్మ సిద్ధాంతం. పని కూడా ఆమే పంచింది. తీగలు తనవి. గోడలు వెంకటేశప్పవి, రాక్షసుడు తోస్తే రాతిగోడ గుడ్డలా ఊగిందా లేదా అన్నది ఆయన చెప్పాలి. చీర, జుట్టు రత్నమ్మవి. కాళ్ళు నావి. "నువ్వు ఎట్లాగూ పైకి చూడవు. కింద చూడు," అంది. కాళ్ళ శాఖలో నేను సాధించిన విజయాలు చిన్నవి కావు. వెయ్యేళ్ళ నాటి ఆత్మ ఒకటి తెల్లచీరలో దీపం పట్టుకుని మెట్లు దిగుతుంటే, దాని కాళ్ళకు నీలం పట్టీల హవాయి చెప్పులున్నాయని కనిపెట్టింది నేనే. ఊళ్ళను తొక్కి చంపే బల్లి వెనక కాలు అగ్గిపెట్టెల మేడ మీద జారి, లోపలి మనిషి తమాయించుకుని నిలబడ్డాడని పట్టుకున్నదీ నేనే. క్యాసెట్ల మీద పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి గనక మేమే పేర్లు పెట్టాం. చెప్పుల దెయ్యం, జారిన బల్లి, చేతిగడియారం గొరిల్లా. ఆ గొరిల్లా వేషగాడు గడియారం తియ్యడం మరచిపోయాడు. అడవిలో అమ్మాయిని ఎత్తుకుపోతూ కూడా ఆయన సమయం చూసుకుంటున్నాడని వెంకటేశప్ప ప్రమాణం చేసి చెప్పేవాడు.

నవ్వి నవ్వి రత్నమ్మ గంప మీద నుంచి పడిపోయిన రోజులున్నాయి. వీధి చివర మిల్లువాళ్ళు గోడ మీదుగా కేకేసి, షెడ్డులో పెళ్ళి జరుగుతోందా అని అడిగిన రోజులున్నాయి. అయితే ఒక్క నియమం ఉండేది. యంత్రంలో బొమ్మను ముందుకు పరుగెత్తించకూడదు. ఒకసారి బల్లి ఊరు తొక్కేది మరీ సాగుతోందని వెంకటేశప్ప ఆ బొత్తాం నొక్కబోయాడు. నంజమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఎందుకు తరుముతావప్పా? ఆ రబ్బరు లోపల మనిషి ఉండాడు. ఎండలో, దీపాల వేడిలో ఉడుకుతాండాడు. మన మాదిరే ఆవిరిలో పని జేస్తాండాడు. నగేది నగు. పని మాత్రం పూర్తిగా చూడు."

వెంకటేశప్ప గొణుగుతూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పూట బల్లి తొక్కిన మేడలన్నీ మేం ఒక్కొక్కటే చూశాం. బొమ్మ అయిపోయాక రత్నమ్మ, "పాపం, ఎన్ని మేడలక్కా! కాళ్ళు పీకి ఉంటాయి," అంది. అంతకంటే మంచి సమీక్ష ఆ సినిమాకు లోకంలో ఎవరూ రాసి ఉండరు.

అలా రెండేళ్ళు గడిచాయి. నేను వెంకటేశప్ప దగ్గుకు ఎగరడం మానేశాను. ఆ లోటు ఆయనకు తీరనే లేదు. అప్పుడే చిలపల్లో ఏదో తేడా కనిపించడం మొదలైంది. చిలప చుట్టేటప్పుడు దారం నా వేళ్ళ మధ్య నుంచి పోవాలి. మంచి దారమైతే పోతున్నట్టే తెలియదు. ఒక బేసిన్ దారం మాత్రం పోతూ పోతూ తట్టేది. కొంత దూరం సన్నం, కొంత దూరం లావు, మళ్ళీ సన్నం. చీటీ చూస్తే అది నంజమ్మ బేసిన్. చీటీ తప్పు పడిందనుకున్నాను. మరుసటి రోజూ తప్పే పడింది. వారమంతా తప్పే పడింది. రత్నమ్మను మెల్లగా అడిగితే, చుట్టూ చూసి, "నీకెందుకు నాయనా, అక్కకి తెలీకుండా ఉంటాదా," అని లేచి వెళ్ళిపోయింది. అందరికీ తెలుసునని నాకు అప్పుడర్థమైంది. ఎవరూ చెప్పడం లేదు. పెద్దమేస్త్రి కంటికి తప్పు చెప్పే మనిషి ఆ షెడ్డులో పుట్టలేదు.

ఆ ఆదివారం చేతిగడియారం గొరిల్లా పెట్టాం. గొరిల్లా అడవిలో నిలబడి ఉంది. ఎగరడం లేదు, దూకడం లేదు, రెండు కాళ్ళ మీద నేల మీదే నిలబడి కడుపు గోక్కుంటోంది. నంజమ్మ వేలు చాచింది.

"అదో తీగ! వీపు మీద. ఒకటి కాదు, రెండు!"

"ఔనక్కా, రెండు," అంది రత్నమ్మ వెంటనే.

"నాకు మూడు కనపడతాండాయి," అన్నాడు వెంకటేశప్ప. మర్యాద ఇవ్వడంలో ఆయన ఎవరికీ తీసిపోడు.

నేల మీద నిలబడ్డ గొరిల్లాకు తీగ ఎందుకు? నేను తెర దగ్గరికి వెళ్ళి చూశాను. బొమ్మ ఆపి చూశాను. నంజమ్మ నా వైపు తిరిగింది. "సూరీ, నువ్వు చెప్పప్పా. రెండా, మూడా?"

ఆ క్షణంలో నాకు గబ్బిలం, బల్లి, వెయ్యేళ్ళ ఆత్మ, అన్నీ కలిసి తలుపు దగ్గర నిలబడినా ఇంత భయం వేసేది కాదు. రెండనేస్తే ఆదివారం హాయిగా గడిచిపోతుంది. సోమవారం మళ్ళీ చిలప తడుతుంది. ఆ తరువాత ఏదో ఒకనాడు బయట నుంచి ఎవరో వచ్చి, పదిమందిలో ఆ చిలప ఆమె ముందు పడేస్తారు.

"తీగ లేదమ్మా," అన్నాను. "ఒకటీ లేదు. చిలపల్లో కూడా... నీ బేసిన్ దారం వారం నుంచి తడతాండాది."

రత్నమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నంజమ్మ లేచి, యంత్రం ఆపి, టీవీ మీద గుడ్డ కప్పి, వెనక ఉన్న తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వెంకటేశప్ప మాత్రం మాట్లాడాడు. "నేను చెప్పినట్టే మూడు తీగలని నువ్వూ చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని రోజుకు మూడుసార్లు.

నాలుగో రోజు పొద్దున ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. తన చిలపే ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని, దారాన్ని వేళ్ళ మధ్య లాగింది. ఒకచోట ఆగింది. ఇంకోచోట ఆగింది.

"నా వేలికి ఎప్పుడో తెలిసిపాయ," అంది. "కన్ను ఒప్పుకోలే. దీపం చూస్తే చుట్టూ పువ్వు పూసినట్టు కనపడతాది, పోగు చూస్తే పక్కన ఇంకో పోగు. ఆవిరి ఎక్కువైందనుకున్నా. ఆవిరి ఇంటికి కూడా వస్తాదా చెప్పు?"

"ఆస్పత్రికి పోదామమ్మా. పొర అయి ఉంటాది. తీసేస్తారు."

"తీసేస్తారు," అంది. కైవారం దగ్గర పల్లెలో ఆమె తల్లికి కూడా ఇలాగే పొర వచ్చిందట. ఎవరో వైద్యం తెలిసినవాణ్ణని వచ్చి ఆకు పసరు పోసి, ఏదో పుల్లతో కెలికాడట. ఉన్న చూపు కూడా పోయింది. తల్లి బతికినన్నాళ్ళు కూతురి ముఖాన్ని చేత్తో తడిమే చూసింది. "నా కన్ను ఎవురూ ముట్టుకోకూడదు అంతే. దారం పోతే పోనీ," అంది నంజమ్మ. అలా అంటూనే ఆ చిలపను కింద పెట్టలేదు. చేతిలోనే నలుపుతూ నిలబడింది. ముప్ఫై ఏళ్ళు ఆ చేతిలోంచి పోయిన దారం అది. అది పోతే తను ఏమిటో ఆమెకు తెలియలేదు. ఇంకో నాలుగు రోజులకు తనే వచ్చి, "ఎన్నింటికప్పా చిక్కబళ్ళాపురం బస్సు?" అంది.

చిక్కబళ్ళాపురం కంటి ఆస్పత్రిలో పొరేనని తేల్చి ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. ఆ రోజు పొద్దున తొమ్మిదికి మమ్మల్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. నంజమ్మకు ఆకుపచ్చ గౌను తొడిగారు. ఊళ్ళకు ఊళ్ళు తొక్కే బల్లిని చూసి నవ్విన మనిషి, ఒక చుక్కలమందు సీసాను చూసి బిగుసుకుపోయింది. నర్సు వచ్చి కన్నడంలో, "హెదర్బేడి అమ్మా, ఏనూ ఆగల్ల," అంది. భయపడొద్దు, ఏమీ కాదని నేను కూడా తెలుగులో అన్నాను, ఒకవేళ రెండు భాషల్లో చెబితే రెట్టింపు పనిచేస్తుందేమోనని.

"ఏమీ కాదని నీకెవురు చెప్పినారు? నువ్వేమన్నా డాక్టరువా?" అని నా మీద పడింది.

సరేనని ఆమె నేర్పిన విద్యనే ప్రయోగించాను. లోపలి గది తలుపు సందులోంచి తొంగిచూసి వచ్చి, "అమ్మా, లోపల డాక్టరమ్మ టోపీ చూడాల నువ్వు, సగం ఊడి చెవి మీద వేలాడతాండాది. కాళ్ళకి చూస్తే రెండు వేరే వేరే చెప్పులు," అన్నాను. చెప్పుల మాట నిజం కాదు, కాళ్ళ శాఖాధిపతిగా నేను కొంత స్వతంత్రం తీసుకున్నాను.

నంజమ్మ రెండు చేతులా గౌను ఎత్తి పట్టుకుంది. "అయ్యో! చెప్పులే సరిగ్గా వేసుకోలేనామె నా కన్ను కోస్తాదా?" అని లేచి నిలబడింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసరికి నా ప్రాణాలు పోయాయి. కాస్త ఊపిరి తీసుకున్నాక ఆమె అన్న మాట ఇది: "బొమ్మలో తప్పు కనపడితే భయం పోతాది సూరీ. ఈడ తప్పు ఉండకూడదప్పా. ఈడ పని బాగుండాల. ఆయమ్మ ఏం జేస్తాదో, ఎట్లా జేస్తాదో నాకు ఎవురైనా చెప్తే బాగుండు."

అంత సులువైన కోరిక ఆమె కోరుతుందని నాకు తట్టలేదు. వెళ్ళి నర్సును బతిమాలాను. నర్సు వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకు వచ్చింది. చిన్న వయసు మనిషి. టోపీ సర్దుకుని (టోపీ మాట నిజమే), బెంచీ మీద నంజమ్మ పక్కనే కూర్చుంది. కంటి లోపల చిన్న అద్దం లాంటిది ఉంటుందని, అది మసకబారిందని, పక్కన చిన్న గాటు పెట్టి దాన్ని తీసి కొత్తది పెడతానని, ఆ గాటు ఎంత ఉంటుందో గోటి మీద గీసి మరీ చూపించింది. నంజమ్మ పని అడిగినట్టే అడిగింది. చెయ్యి దేని మీద ఆనించుకుంటావు తల్లీ? దీపం ఏ పక్క నుంచి వస్తాది? నేను కదిలితే ఏం జేస్తావు? చివరికి, "కుట్టేది దేంతో?" అంది.

"మామూలుగా కుట్టే అవసరం రాదమ్మా. వస్తే ఒక కుట్టు. మా దగ్గర పట్టుదారం కూడా ఉంది," అంది డాక్టరమ్మ.

నంజమ్మ తల ఎత్తింది. "పట్టుదా? చూపించు."

ఎవరికో కుట్టడానికి తీసి, వాడకుండా మిగిలిన ముక్క ఒకటి గాజు పలక మీద పెట్టి తెచ్చారు. ఆమెకు కనపడలేదు. నాకూ కనపడలేదు, నా కళ్ళు బాగున్నా. ఆమె కళ్ళు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ ముక్కను ఒక్కసారి లాగింది. ఒక్క తట్టు లేదు. ఇంకోసారి లాగింది.

"ఇంత సన్నం ఎవురు తీసినారో మహాతల్లి," అంది. డాక్టరమ్మ చేతిని అందుకుని, అరచేయి తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది, కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లల చేతులు ఆమె చూసే పద్ధతి అది. "వణుకు లేదు. పోదాం పద తల్లీ."

"భయం పోయిందా అమ్మా?" అన్నాను వెనక నుంచి.

"యాడికి పోతాది?" అంది తిరగకుండానే. "ఈడే ఉండాది. అదీ వస్తాది నా వెంట లోపలికి. నువ్వు మాత్రం ఈ బెంచీ వదిలి పోవద్దు."

నేను వదల్లేదు. ఆ రోజు ఆ బెంచీ మీద నేను కూర్చున్న సమయంలో రెండు యుగాలు మారాయి, మూడో యుగం సగంలో తలుపు తెరుచుకుంది. కట్టు విప్పిన రోజు ఆమె ముందుగా చూసింది నన్నే. చూసి, "ఏమప్పా, నువ్వు ఇంత నల్లగా ఉండావా?" అంది. నా జీవితంలో నా రంగు గురించి విని నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

నెలన్నర తరువాత ఒక ఆదివారం గొరిల్లా క్యాసెట్టు మళ్ళీ పెట్టించింది. చాలాసేపు చూసింది. బొమ్మ ఆపి, దగ్గరికి వెళ్ళి చూసింది. వెనక్కి తిరిగి, "ఏమప్పా వెంకటేశప్పా, మూడోది యాడుండాది? కొంచెం చూపించు," అంది. ఆయన మీసం చరిత్రలో మొదటిసారి కిందికి వాలింది. "అది... మీరు పెద్దోళ్ళు చెప్తిరి కదమ్మా..." అన్నాడు. రత్నమ్మ అప్పటికే గంప వెనక ఉంది. నంజమ్మ నవ్వింది, గంపలు కదిలేలా నవ్వింది. నవ్వు ఆగాక, "పొర ఒక్కటే కాదురా, మీ మర్యాద కూడా నా కంటికి అడ్డం నిలబడె," అంది. కోపం లేదు ఆ మాటలో. ఇద్దరికీ తనే కాఫీ పోసి ఇచ్చింది. నాకు మాత్రం మర్నాడు తన బేసిన్ పక్కన పీట వేయించింది. ఆ మరిగే నీళ్ళ పక్కన నాలుగేళ్ళు కూర్చున్నాను. నా దారం ఆమె దారం అంత బాగా ఎన్నడూ రాలేదు. ఆ సంగతి ఆమె రోజూ చెప్పింది, మర్యాదకు పోకుండా.

నంజమ్మ పోయి కొన్నేళ్ళయింది. చివరిదాకా సూదిలో దారం తనే ఎక్కించుకుంది, అడగనివాళ్ళకు కూడా ఎక్కించి ఇచ్చింది. నేను షెడ్డు వదిలి, బాగేపల్లిలో చిన్న అంగడి పెట్టుకుని, బొజ్జ పెంచుకుని స్థిరపడ్డాను. అయితే ఎలా తెలిసిందో గానీ, మా వీధిలో ఎవరికి ఆస్పత్రి పడినా తోడుకు నన్నే పిలుస్తారు. మూడు తాలూకాల్లో నేను కూర్చోని ఆస్పత్రి బెంచీ లేదని చెప్పుకుంటాను, అది అబద్ధమని నిరూపించడానికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. 'ఏమీ కాదు' అని నేను ఎవరికీ చెప్పను. లోపలికి వెళ్ళి, ఏం చేస్తారో అడిగి తెలుసుకుని, బయటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొన్న గౌరిబిదనూరులో మా పక్కింటి కృష్ణప్పకు మోకాలి ఆపరేషన్. ఎద్దు కొమ్ములు వంచగల మనిషి, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. డాక్టరు చెప్పిందంతా వరసగా చెప్పాను. అంతా విని, "భయం పోలేదప్పా," అన్నాడు.

"పోనక్కర్లేదు," అన్నాను. "నువ్వు పోయి రా. నేను ఈడే ఉంటాను."

ఆయన్ని లోపలికి తీసుకుపోయారు. నేను బెంచీ మీద కాళ్ళు చాచుకుని కూర్చున్నాను. టీ తాగి రమ్మని వాళ్ళ అబ్బాయి రెండుసార్లు చెప్పాడు. తలుపు తెరిచేదాకా నేను లేవలేదు.